మూడు రోజుల సఫర్, ఉద్దానం బారిష్



ఈద్ నాడు షీర్ ఖుర్మాలో పడే జీడిపప్పు ఎక్కడిదని ఇంట్లో పిల్లల్ని అడిగి చూడండి. "దుకాణంలోది" అంటారు. పలాస పేరు చెప్పేవాళ్ళు తక్కువ. పలాస ఎక్కడుందో మ్యాపు మీద వేలు పెట్టి చూపించే పెద్దలు ఇంకా తక్కువ. అజ్మేర్ షరీఫ్ దారి మనకు కంఠస్థం. దుబాయ్‌లో ఏ బస్సెక్కితే ఏ మార్కెట్ వస్తుందో మన కుర్రాళ్ళు నిద్రలో లేపినా చెబుతారు. సొంత రాష్ట్రం ఉత్తరపు కొస మాత్రం మనకు అజ్నబీ ముల్క్.

మా ఆపా కొడుకు, అతని ముగ్గురు దోస్తులు కలిసి గుంటూరు నుంచి మోటార్ సైకిళ్ళ మీద పలాస, టెక్కలి, ఉద్దానం తీరం చూసొస్తామన్నారు. మూడు రోజుల సఫర్. అదీ వానల్లో. దాంతో ఇంట్లో మష్వరా మొదలైంది. ఆపా అన్నది: "అక్కడ మనవాళ్ళెవరున్నార్రా? ఏదైనా అయితే ఎవరి తలుపు తడతారు?" దుల్హాభాయ్‌కి బండ్లంటేనే భయం, బారిష్‌లో బండ్లంటే ఇంకా. ఇక మా అమ్మీ: "ఆ ఊళ్ళో నీళ్ళు తాగితే గుర్దాలు పోతాయట కదా!" దుకాణానికి జీడిపప్పు కొనడానికి ఏడాదికోసారి రంజాన్‌కు ముందు పలాస వెళ్ళొచ్చేవాణ్ణి కాబట్టి ఫైసలా నా మీద పెట్టారు.

నా రాయ్ ఇది: పంపించాలి. కానీ వాళ్ళు రాసుకొచ్చిన ప్లాన్ మీద మాత్రం కాదు.

ముందు ఆ కాగితం సంగతి. మొదటి రోజు గుంటూరు నుంచి పలాస. రెండో రోజు టెక్కలి, తీరం మొత్తం, ఇచ్ఛాపురం, వీలైతే మహేంద్రగిరి, "టైముంటే" గోపాల్‌పూర్. మూడో రోజు తిరుగు ప్రయాణం. గుంటూరు నుంచి పలాసకు దాదాపు 575 కిలోమీటర్లు. విశాఖ దాకానే 385, అక్కడి నుంచి మరో 190. ఎండలోనే నడుము విరిగే దూరం. వానలో లారీల వెనక, నీటి తుంపర మధ్య, గంటకు 45 కిలోమీటర్ల సగటు పడితే గొప్ప. అంటే చాయ్‌లు, నమాజులు, పంక్చర్లు కలిపి పదిహేను గంటలు. పోను ఒక రోజు, రాను ఒక రోజు జాతీయ రహదారి 16కే సమర్పయామి. ఉద్దానానికి మిగిలేది ఒక్క రోజు. ఆ రోజు ముసురు పట్టిందా, మూడు రోజులూ లారీ వెనక బోర్డులు చదివి రావడమే.

"మామూ, అందరూ అలాగే వెళ్తున్నారు" అన్నాడు మావాడు. వెళ్తున్నారు, నిజమే. ఫోటోలు కూడా పెడుతున్నారు. ఆ ఫోటోల్లో మొహాలు చూడండి. ఎవరికీ నిద్ర ఉండదు.

తెలియని చోటికి, తడి కాలంలో, రెండు చక్రాల మీద వెళ్ళేటప్పుడు ప్లాన్‌లో సగం పని ఏది వదిలేయాలో ఇంటి దగ్గరే తేల్చుకోవడం. అక్కడికి వెళ్ళాక, నలుగురు కుర్రాళ్ళు తడిసి, ఆకలి మీద, రోడ్డు పక్క నిలబడి "వెనక్కి పోదామా, ముందుకు పోదామా" అని తేల్చుకునే మాటలన్నీ తప్పుడు మాటలే అవుతాయి. కాబట్టి ఆ కాగితం మీద నేను మొదట కలం పెట్టి కొట్టేసింది పోనురాను హైవేని. బండ్లను రైల్లో విశాఖపట్నానికి వేయించుకోవచ్చు. ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేసి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు పట్టుకుని పార్శిల్ ఆఫీసుకు ఒక రోజు ముందే వెళ్ళాలి. చిన్న స్టేషన్లలో రైలు ఆగేది నిమిషాల లెక్క కాబట్టి పలాసలో దింపించుకోవాలనే ఆశ వద్దు, విశాఖలోనే దింపుకోండి. అక్కడే బండ్లు కిరాయికి కూడా దొరుకుతాయి. అలా చేస్తే బండి మీద పోయే దూరం మూడో వంతుకు పడిపోతుంది.

రెండో కొట్టివేత మహేంద్రగిరి. 1,501 మీటర్ల కొండ, మందస నుంచి చూస్తే కనపడుతుంది. కానీ అది ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. ఘాట్ రోడ్డు. వానాకాలంలో మబ్బు కిందికి దిగితే పైకెక్కి చూసేది తెల్లటి పరదా ఒక్కటే. గోపాల్‌పూర్ దానంతటదే పోయింది.

మూడోది తారీఖు. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మన కుటుంబాలు చేసే ప్లాన్లన్నీ సెలవుల చుట్టూ తిరుగుతాయి. పిల్లలు మొదట అనుకున్నది దసరా సెలవులు. అక్టోబరు మొదటి, రెండో వారం. ఈ తీరం తుఫానుల హిసాబ్ ఒకసారి చూడండి. ఫైలిన్, 12 అక్టోబరు 2013, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్, సరిగ్గా ఏడాదికి, 12 అక్టోబరు 2014, విశాఖ మీద. తిత్లీ, 11 అక్టోబరు 2018 తెల్లవారుజామున, పలాస దగ్గరే, గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన గాలితో. గులాబ్, 26 సెప్టెంబరు 2021, కళింగపట్నానికీ గోపాల్‌పూర్‌కూ మధ్య. ఆ రెండు మూడు వారాలే మళ్ళీ మళ్ళీ కనపడుతున్నాయి. సముద్రం మన సెలవుల క్యాలెండర్ చూసి రాదు గానీ, మనం మాత్రం దాని క్యాలెండర్ చూసుకోవచ్చు కదా.

తిత్లీ వెళ్ళిన తర్వాతి రంజాన్‌కు నేను పలాస వెళ్ళాను. నాకు పప్పు ఇచ్చే వ్యాపారి ఎప్పటిలాగే, "ఏటి సాయిబు గారూ, అంతా కులాసాయేనా?" అని కుర్చీ వేశాడు. తర్వాత తన తోటకు తీసుకెళ్ళి చూపించాడు. వరసగా పడిపోయిన కొబ్బరి చెట్లు, అన్నీ ఒకే దిక్కుకు తల పెట్టి. జమాత్‌లో సఫ్‌లా ఉందనిపించింది, ఆ పోలిక నోటి దాకా వచ్చి ఆగిపోయింది. కొబ్బరి మొక్క నాటి కాపు చూడాలంటే ఐదారేళ్ళు, అంతకు మించి కూడా పడుతుంది. జీడి చెట్టుకూ ఓపిక పట్టాల్సిందే. ఒక్క తెల్లవారుజామున పోయింది ఒక ఇంటి పదేళ్ళ ఆమ్దానీ. "మళ్ళీ నాటుతున్నాం బాబూ, ఏటి చేస్తాం" అన్నాడు. ఆ ప్రాంతాన్ని రెండో కోనసీమ అంటారు, ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. అక్కడికి పోయే పిల్లలు ఇది తెలిసి పోవాలని నా ఖ్వాహిష్. పచ్చదనం వెనక ఇంత కథ ఉందని తెలిస్తే తోట గట్టు మీద బండి తొక్కించరు.

అందుకని ఆగస్టు చివరి వారం అన్నాను. వానలు ఉంటాయి. నైరుతి జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ బాగానే కురుస్తుంది. అయితే ఈ వాన వేరు, ఆ గాలివాన వేరు. ఆగస్టులో కూడా వాయుగుండాలు పడతాయి కాబట్టి బేఫికర్‌గా ఉండమనడం లేదు. వాతావరణ శాఖ వాళ్ళ రంగుల హెచ్చరిక రోజూ ఫజ్ర్ తర్వాత చూడాలి. యెల్లో అయితే తీరం వైపు వద్దు, ఊరి చుట్టుపక్కలే. ఆరెంజ్ అయితే బండి తీయొద్దు, గదిలో లూడో ఆడుకోండి. రెడ్ అయితే ముందురోజే రైలెక్కి ఇంటికొచ్చేయండి, బండ్లు తర్వాత వస్తాయి. కళింగపట్నం రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో చాయ్ దుకాణంలో అడిగినా చెబుతారు. ఆ తీరంలో అది అందరికీ అర్థమయ్యే భాష.

పక్షుల లెక్క కూడా ఇక్కడ కలిసొచ్చింది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి చిల్లుముక్కు కొంగలు వానాకాలం మొదట్లోనే వచ్చి గూళ్ళు పెడతాయి, ఆగస్టులో నిండుగా ఉంటాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మాత్రం వానాకాలం చివర్లో వచ్చి వేసవి మొదలయ్యేదాకా ఉంటాయి. కాబట్టి ఆగస్టులో తేలినీలాపురం పోయి "పక్షులేవీ?" అని ఊరివాళ్ళను అడిగితే నవ్వుతారు. రెండు ఊళ్ళలోనూ ఆ పక్షులు రావడం ఊరికి బర్కత్ అనుకుంటారు, కాపాడుకుంటారు. హారన్లు, సైలెన్సర్ మోతలు ఆ వీధి మొదట్లోనే ఆపేయాలి.

ఇక మిగిలిన ప్లాన్ చిన్నది. విశాఖ నుంచి పొద్దున్నే బయలుదేరి శ్రీకాకుళంలో ఆగడం. ఆపా అన్న "అక్కడ మనవాళ్ళెవరున్నారు" అన్న మాటకు సగం జవాబు అక్కడుంది. ఈ రోజు మన రాష్ట్రంలో ముస్లింలు చాలా తక్కువగా ఉన్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, అది నిజం. కానీ ఇదే ఊరు ఒకప్పుడు చికాకోల్ సర్కార్‌కు సదర్ మఖామ్. గోల్కొండ ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఉంది. జొహర్ అక్కడ చదువుకుని, భోజనం చేసి, మడపాం దగ్గర వంశధార దాటితే సాయంత్రానికి పలాస. వంశధార గురించి ఒక్క మాట: మన నెత్తిన చినుకు లేకపోయినా ఒడిశా కొండల్లో పడిన వానకు ఇక్కడ నది నిండుతుంది. హైవే వంతెన మీద ఇబ్బంది లేదు. పక్క ఊళ్ళ కాజ్‌వేల మీదే ముప్పు.

పలాస, కాశీబుగ్గ కలిసిపోయిన జంట ఊళ్ళు. అక్కడ ఒకే గది, మూడు రాత్రులు. రోజూ సామాను కట్టుకుని కొత్త ఊరికి మారడం వానల్లో పెద్ద అజాబ్. తడి బట్టలు ఆరేసుకోవడానికి ఒక తాడు, ఒక ఫ్యాను, తెలిసిన మెకానిక్ ఒకడు ఉంటే సఫర్ సగం సులువు. విశాఖ నుంచి వచ్చే రోజు, తిరిగి విశాఖ పోయే రోజు తీసేస్తే మధ్యలో చూడ్డానికి రెండు రోజులు ఉంటాయి. అందుకే మూడు రోజుల టూరును నాలుగు రోజులు చేయించాను. సెలవు ఒకటి ఎక్కువైతే అయింది.

ఒక రోజు టెక్కలి వైపు. నౌపడ ఉప్పుమళ్ళు వానాకాలంలో ఉప్పుగా ఉండవు, నీటి అద్దాల్లా ఉంటాయి. తెల్లటి గుట్టలు చూడాలంటే వేసవిలో రావాలి. అక్కణ్ణుంచి భావనపాడు తీరం. ఇంకో రోజు వజ్రపుకొత్తూరు మీదుగా అక్కుపల్లి తీరం, లేదా మందస, సోంపేట, బారువ. "లేదా" అన్న మాట కింద గీత గీశాను. రెండూ ఒకే రోజు కుదరవు. తేలుకుంచి కావాలనుకుంటే బారువ రోజులో కలుపుకోవాలి, అప్పుడు మందస పోతుంది. మందస పోతే మందస కోవా కూడా పోతుందని గుర్తుచేశాను. ఆ ఒక్క మాటతో ఇద్దరు పార్టీ మారారు.

నన్నడిగితే అక్కుపల్లి దారే అసలు ఉద్దానం. జీడి, కొబ్బరి, పనస, మామిడి ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసి నిలబడినట్టుంటాయి. మధ్యలో ఇసుక దారులు. పొడి ఇసుకలో బండి కూరుకుపోతుంది, తడి ఇసుక మీద కాస్త నడుస్తుంది. ఈ ఒక్క విషయంలో వానకు షుక్రియా చెప్పుకోవచ్చు. సముద్రంలో మాత్రం దిగొద్దు. ఈ తీరంలో అల లాగేస్తుంది, చూసేవాళ్ళు ఉండరు, కాపాడే జట్లు ఉండవు. కాళ్ళు తడుపుకోవడం కూడా ఒడ్డున మత్స్యకారులు ఉంటేనే, వాళ్ళను అడిగాకే.

ఒంటెను కట్టేసి తవక్కుల్ చెయ్యమన్న హదీసు మనందరికీ తెలుసు. మోటార్ సైకిలుకు ఆ తాడు టైరే. అరిగిన టైరుతో వానలో పోయేవాడి దుఆ మీద నాకు పెద్ద భరోసా లేదు. టైర్లు, బ్రేకు షూలు, చైను, హెడ్‌లైటు, వైపర్ లేని మన కళ్ళు, అంటే హెల్మెట్ అద్దం, ఇవి బయలుదేరే ముందు చూడాలి. అద్దం లోపలి వైపు కొంచెం సబ్బు రాసి పొడి గుడ్డతో తుడిస్తే ఆవిరి పట్టదు. రెండు బ్రేకులూ మెల్లగా కలిపి పట్టాలి. రోడ్డు మీద వేసిన తెల్ల గీతలు, వంతెనల మీద ఇనుప అతుకులు తడిస్తే సబ్బు ముక్కలే. ఎండిన రోడ్డు మీద పడిన మొదటి పావుగంట వానే అన్నిటికంటే ప్రమాదం, నూనె మరకలు పైకి తేలేది అప్పుడే. ఆ పావుగంట ఏ చాయ్ దుకాణంలోనో ఆగితే పోయేదేం లేదు. పారుతున్న నీళ్ళలో, పిక్కల దాకా ఉన్నా సరే, బండి దింపొద్దు. మగ్రిబ్ తర్వాత బండి కదలొద్దు. ఈ రెంటికీ మినహాయింపు లేదు, మందస కోవా కోసమైనా సరే.

పాదాల సంగతి ఆలిమ్‌లు, మెకానిక్‌లు ఇద్దరూ మాట్లాడాల్సిన విషయం. చీలమండలు కప్పే తోలు బూట్లు, పూర్తి వుజూతో తొడుక్కుంటే, వాటి మీద మసహ్ చేసుకునే రుఖ్సత్ ఉంది. ముకీమ్‌కు ఒక పగలు, ఒక రాత్రి. ముసాఫిర్‌కు మూడు పగళ్ళు, మూడు రాత్రులు. రాత్రి బూట్లు తీసేస్తే పొద్దున కాళ్ళు కడిగి మళ్ళీ తొడుక్కోవాలి. మామూలు గుడ్డ సాక్సుల మీద మన హనఫీ ఫిఖ్‌లో కుదరదు. మీ బూట్లకు ఇది వర్తిస్తుందో లేదో ఇంటి దగ్గరే మీ ఇమామ్ సాహబ్‌కు చూపించి అడగండి. వానలో, బురదలో, నాలుగు పూటలు బూట్లు విప్పి తొడగడం ఎంత కష్టమో తొడుక్కున్నవాడికే తెలుస్తుంది. రాత్రి బూట్లలో పాత పేపర్లు కుక్కి పెడితే పొద్దుటికి తడి లాగేస్తాయి. 48 మైళ్ళు, అంటే దాదాపు 77 కిలోమీటర్ల సఫర్ నియ్యత్‌తో ఊరు దాటారు కాబట్టి, పదిహేను రోజుల కంటే తక్కువ బస కాబట్టి, జొహర్, అసర్, ఇషా రెండేసి రకాతులే. స్థానిక ఇమామ్ వెనక నిలబడితే మాత్రం పూర్తిగా చదవాలి. పట్టణాల్లో మసీదు దొరుకుతుంది, పల్లెల్లో ఆశించొద్దు. తోట యజమానిని అడిగి ఒక చెట్టు కింద చాప వేసుకోండి. ఆ తీరంలో సముద్రానికి వీపు పెట్టి కాస్త ఎడమకు తిరిగితే ఖిబ్లా. నేను అడిగిన ప్రతిసారీ "చేసుకోండి బాబూ" అన్నారే తప్ప కాదన్నవాళ్ళు లేరు. ఒకసారి ఒక ముసలమ్మ కోళ్ళను అటు రాకుండా తోలుతూ నమాజు అయ్యేదాకా నిలబడింది.

తిండి గురించి భయం అక్కర్లేదు. జబీహా నమ్మకం లేనిచోట గోష్త్ మానేయండి, నాలుగు రోజులకు ఎవరూ సన్నబడరు. అది చేపల దేశం. చేపకు జబహ్ అక్కర్లేదు. రొయ్యల మీద ఉలమాల ఇఖ్తిలాఫ్ నాకు తెలుసు, ఆ బహస్ ఇక్కడ పెట్టకండి. పనసపొట్టు కూర దొరికితే వదలొద్దు. కాజూ మాత్రం చివరి రోజు కొనండి, వాన తేమకు మెత్తబడుతుంది. డబ్ల్యూ 180, 240, 320 అంటారు. ఒక పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ లెక్క, అంకె చిన్నదైతే పప్పు పెద్దది. షీర్ ఖుర్మాకు బద్దలు చాలు, గుండ్లు కొని కత్తితో కోయడం ఇస్రాఫ్. ఆ పప్పు వలిచే ఆడవాళ్ళ చేతులు కూడా ఒకసారి చూడండి. పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాల్చి నల్లబరుస్తుంది. ఆ పిక్కలు ఇప్పుడు ఆఫ్రికా దేశాల నుంచి కూడా ఓడల్లో వస్తున్నాయి, మచ్చలు మాత్రం పలాస చేతులకే.

అమ్మీ అడిగిన గుర్దాల ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు నిజం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస మండలాల్లో ఎన్నో ఇళ్ళు దానితో కుప్పకూలాయి. కారణం ఇదీ అని వైద్యులు ఇంకా తేల్చలేదు. నీళ్ళా, ఎండలో పనా, మందులా, అన్నీ కలిసా అని పరిశోధన నడుస్తూనే ఉంది. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో తాగునీరు తెచ్చే పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని, పరిశోధన కేంద్రాన్ని 14 డిసెంబరు 2023న ప్రారంభించారు. అది ఏళ్ళ తరబడి అక్కడ బతికి, పని చేసేవాళ్ళను తినే జబ్బు. నాలుగు రోజుల మెహమాన్‌కు అంటుకునే అంటురోగం కాదు. మీకు నీళ్ళ మీద వహమ్ ఉంటే సీసా నీళ్ళు తాగండి, ఎవరూ అడ్డు చెప్పరు. కానీ ఎవరింట్లోనైనా గ్లాసుతో నీళ్ళిస్తే మొహం చిట్లించి పక్కన పెట్టకండి. ఆ ప్రాంతం పిల్లకు సంబంధాలు రావడం లేదని బాధపడే తల్లుల్ని నేను చూశాను. మన మొహంలో ఆ భయం వాళ్ళు ఒక్క చూపులో పట్టేస్తారు. మనం కూడా మన గల్లీ పేరు చెప్పగానే మొహం మారేవాళ్ళను చూసినవాళ్ళమే కదా.

డ్రోన్ గురించి కూడా గట్టిగా పట్టుబట్టాను. నలుగురిలో ఒకడి దగ్గర ఉంది, ఇంట్లోనే పెట్టి రమ్మన్నాను. సోంపేట బీల నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నందుకు 14 జులై 2010న పోలీసు కాల్పులు జరిగాయి. కాకరాపల్లిలో 28 ఫిబ్రవరి 2011న మళ్ళీ అదే. ప్రాణాలు పోయాయి. అక్కడ భూమి మీదికి తెలియనివాడు ఏదో యంత్రం ఎగరేస్తే ఊరివాళ్ళు ఎవరు నువ్వని అడుగుతారు, అడగాలి కూడా. టోపీ, గడ్డం ఉన్న నలుగురు అజ్నబీ కుర్రాళ్ళు సముద్రతీరాన్ని పైనుంచి తీస్తున్నారంటే అది ఏ వాట్సాప్ గ్రూపులో ఏ రూపంలో తేలుతుందో ఈ రోజుల్లో మీకు నేను చెప్పాలా? ఇది చేదు మాట. పిల్లలకు చెప్పేటప్పుడు నాకూ నచ్చలేదు. అయినా చెప్పాను. ఊళ్ళోకి వెళ్ళగానే ముందు చాయ్ దుకాణంలో కూర్చోండి, ఫలానా ఊరి నుంచి వచ్చాం, పలాసలో దిగాం, తీరం చూడ్డానికి అని మీరే చెప్పండి. ఐదు నిమిషాల్లో ఊరంతటికీ తెలిసిపోతుంది. అక్కణ్ణుంచి మీరు మెహమాన్లు.

మా అమ్మాయి అడిగింది, "అబ్బా, మమ్మల్ని ఎందుకు పంపరు?" న్యాయమైన సవాలే. ఆపా, అమ్మాయి, అమ్మీ రైల్లో పలాస రావచ్చు, ఆటో మాట్లాడుకుని అవే ఊళ్ళు చూడొచ్చు. బండి వెనక కూర్చోవాలని ముచ్చటపడితే ఊళ్ళో దగ్గర దూరమే, ఇద్దరికీ హెల్మెట్‌తో, బుర్ఖా అంచు, దుపట్టా లోపలికి దోపుకుని. చైనులో, చక్రంలో గుడ్డ చుట్టుకుని పడిపోయినవాళ్ళను చూశాం కాబట్టి ఇది చెబుతున్నాను. అమ్మీ మాత్రం సముద్రం చూస్తానంటోంది. ఎనభై దగ్గర పడుతోంది, గుంటూరులో ఉండి బాపట్ల సముద్రం కూడా చూడలేదు.

ముగ్గురు కలిసి సఫర్‌కు బయలుదేరితే ఒకరిని అమీర్‌గా పెట్టుకోమని మనకు తాలీమ్ ఉంది. ఈ పిల్లలకు ఇది మతం మాటగా కాక, బండ్ల మాటగా చెప్పాను: ఆగుదామని ఒక్కడన్నా నలుగురూ ఆగాలి, పోదామని మాత్రం అమీరే అనాలి. రైలు టికెట్లు అయ్యాయి. రెయిన్ కోట్లు కొన్నారు, నలుగురూ నల్లవే తెచ్చుకున్నారు, వానలో లారీవాడికి కనపడవని చెప్పి మార్పించాను, ఇప్పుడు పసుపుపచ్చవి. ఆపా షరతు ఒకటే, రోజూ మగ్రిబ్‌కు ఫోను. అమీర్ ఎవరన్నది మాత్రం ఇంకా తేలలేదు. వయసులో పెద్దవాడు బండి స్పీడుగా తోలుతాడు, నెమ్మదిగా తోలేవాడు అందరికంటే చిన్నవాడు. నా వోటు చిన్నవాడికే.